గాలి ఎవడబ్బ సొత్తు? – పస్తాపూర్ నుంచి ఫ్రీ బేసిక్స్ దాకా



పోయిన భాగం మూక్‌నాయక్ మీద రాశాను. అది చదివి డిగ్రీ చదివే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, పత్రికల సంగతి అర్థమైంది. ఈ ఇంటర్నెట్ స్వేచ్ఛ, నెట్ న్యూట్రాలిటీ అని కొట్లాడే సంఘాలున్నాయి గదా, అది సాఫ్ట్‌వేరోళ్ళ గొడవ. దాంట్లో మనకేం పని?" మంచి ప్రశ్న. చాలామంది మనసులో ఉండి అడగని ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే జహీరాబాద్ పోవాలి. జహీరాబాద్ పోయే ముందు ఒకసారి మహాడ్ పోవాలి.

మహాడ్ కథ మీకు తెలుసు. అయినా అందులో మనం తొందరగా దాటేసే ముక్క ఒకటుంది. చవదార్ చెరువు 1927లో కాదు, కాగితం మీద అంతకుముందే తెరుచుకుంది. 1923లో ఎస్.కె. బోలే బొంబాయి శాసనమండలిలో తీర్మానం పెట్టాడు: సర్కారు సొమ్ముతో నడిచే చెరువులు, బావులు, బడులు, ధర్మశాలలు అంటరాని కులాలకూ తెరవాలి. మండలి ఒప్పుకుంది. 1924లో మహాడ్ మునిసిపాలిటీ కూడా ఒప్పుకుని మా చెరువు అందరిదీ అని తీర్మానించింది. మూడేళ్ళు గడిచాయి. ఒక్క అంటరాని మనిషి ఒక్క గుక్క తాగింది లేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి దోసిలి పట్టిన రోజే ఆ తీర్మానానికి ప్రాణం వచ్చింది. ఆ తర్వాత తలలు పగిలాయి, చెరువును 'శుద్ధి' చేశారు, కేసు 1937 దాకా కోర్టుల్లో నడిచింది. అది వేరే కథ. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. కాగితానికీ దోసిలికీ మధ్య మూడేళ్ళు పట్టింది.

ఇప్పుడు గాలి సంగతికొద్దాం. రేడియో మాట గాలిలో పోతుంది గదా, ఆ తరంగాల సంగతి.

బ్రిటిషోడు 1885లో టెలిగ్రాఫ్ చట్టం తెచ్చాడు. తీగ మీద కబురు పంపే హక్కు సర్కారుది, ఇంకెవరైనా పంపాలంటే లైసెన్సు తీసుకోవాలి అన్నాడు. 1933లో వైర్‌లెస్ చట్టం తెచ్చి, అనుమతి లేకుండా ఆ యంత్రం దగ్గర పెట్టుకోవడమే నేరం అన్నాడు. వాడి భయం వాడిది. విచిత్రం ఏంటంటే, స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగం వచ్చింది, బాబాసాహెబ్ రాసిన 19వ అధికరణంలో మాట్లాడే స్వేచ్ఛ వచ్చింది, ఈ చట్టాలు మాత్రం చెక్కుచెదరలేదు. పత్రిక పెట్టాలంటే డబ్బు కావాలి, అదీ కష్టమే. కానీ పెట్టొచ్చు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపాడు, హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ పత్రిక నడిపాడు. అప్పో సప్పో చేసి అచ్చేశారు. రేడియోకి ఆ దారి కూడా లేదు. 1990లు వచ్చేదాకా ఈ దేశంలో గాలి మీద మాట్లాడే గొంతు ఒక్కటే. ఆకాశవాణి. దాని తెలుగు ఎవరి ఇంటి తెలుగో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ గాలికి తాళం తీసింది ఏ ప్రజా ఉద్యమమో అనుకునేరు. క్రికెట్! 1993లో హీరో కప్ మ్యాచ్‌లు విదేశీ కంపెనీ చేత ప్రసారం చేయించుకుంటామని బెంగాల్ క్రికెట్ సంఘం, కుదరదని దూరదర్శన్, సమాచార శాఖ. గొడవ సుప్రీంకోర్టు చేరింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. జస్టిస్ పి.బి. సావంత్ ప్రధాన తీర్పు రాశారు. మన తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి విడిగా ఇంకో తీర్పు రాశారు. సారాంశం ఇది: గాలి తరంగాలు ప్రజల ఆస్తి. వాటి మీద సర్కారు గుత్తాధిపత్యం చెల్లదు, డబ్బున్నోడి గుత్తాధిపత్యమూ చెల్లదు. వాటిని చూసుకోవడానికి స్వతంత్ర సంస్థ ఒకటి వెంటనే పెట్టండి.

ఇది మన బోలే తీర్మానం. చెరువు అందరిదీ అని రాసేశారు. మరి సర్కారు ఏం చేసింది? తీర్పులో 'ప్రజల ఆస్తి' అన్న మాటను పక్కన పెట్టి, 'గుత్తాధిపత్యం చెల్లదు' అన్న మాట పట్టుకుని, నగరాల్లో ఎఫ్.ఎం. ఫ్రీక్వెన్సీలు వేలం పెట్టింది. 2001 జూలైలో బెంగళూరులో మొదటి ప్రైవేట్ ఎఫ్.ఎం. మొదలైంది. పాటలు, జోకులు, నగల షాపుల ప్రకటనలు. అందరి చెరువు అన్నారు, పోయి చూస్తే గట్టు మీద పాటదారుడు కూర్చున్నాడు.

అప్పుడు కొన్ని సంఘాలు అడ్డం తిరిగాయి. ఈ సంఘాల చరిత్ర మన విద్యార్థులకు అసలు తెలియదు, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను. బెంగళూరులో 'వాయిసెస్' అనే సంస్థ చొరవతో 1996లో ఒక సమావేశం జరిగింది. రేడియో అంటే సర్కారుదీ, వ్యాపారిదీ మాత్రమే కాదు, ఊరి వాళ్ళది కూడా కావాలి అని అక్కడ ప్రకటన చేశారు. బెంగళూరు ప్రకటన అంటారు. ఆ తర్వాత 2000 జూలైలో, యునెస్కో సాయంతో, ఇంకో సమావేశం హైదరాబాదులోనూ మన మెదక్ జిల్లా పస్తాపూర్‌లోనూ నాలుగు రోజులు జరిగింది. మూడు అంతస్తుల పద్ధతి కావాలని అక్కడ అడిగారు: సర్కారు రేడియో, ప్రైవేటు రేడియో, వీటికి తోడు లాభాపేక్ష లేని సముదాయాల రేడియో. దాన్ని పస్తాపూర్ ప్రకటన అంటారు. ఢిల్లీలో కాదు, ముంబైలో కాదు, జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో. ఎందుకు అక్కడ?

ఎందుకంటే అక్కడ దోసిలి పట్టడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు.

జహీరాబాద్ చుట్టుపక్కల 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. దాన్ని మొదలుపెట్టిన వాళ్ళలో ముఖ్యుడు పి.వి. సతీష్. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన మనిషి, 2023లో కన్నుమూశారు. సంస్థలోకి ఎవరు ఎట్లా వచ్చారన్నది అలా ఉంచండి. దాని నడుం మాత్రం దాదాపు 75 ఊళ్ళ ఆడవాళ్ళ సంఘాలు. 5,000 మంది దాకా. ఎక్కువమంది దళితులు, కూలికి పోయేవాళ్ళు, చెక్కల భూమి, రాళ్ళ భూమి ఉన్నవాళ్ళు. అక్షరం రానివాళ్ళు చాలామంది. కానీ ఏ నేలకు ఏ విత్తనం, ఏ కార్తెలో ఏం వెయ్యాలి, సజ్జ ఎట్లా దాచాలి, కొర్ర ఎట్లా దంచాలి, పురుడు పోసుకున్నదానికి ఏం పెట్టాలి, ఇదంతా నోటి మీద ఉన్నవాళ్ళు. ఈ మనుషులకు పత్రిక వల్ల ఉపయోగం ఎంత? చదవలేరు. టీవీ? అందులో వాళ్ళ మాట లేదు. వాళ్ళ మాధ్యమం నోరు. నోటికి దగ్గరి చుట్టం రేడియో.

1998 నాటికే, అంటే పస్తాపూర్ ప్రకటన కంటే రెండేళ్ళు ముందే, ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో యునెస్కో సాయంతో స్టూడియో కట్టేశారు. రికార్డింగ్ గది ఉంది, యంత్రాలు ఉన్నాయి, నడిపే మనుషులున్నారు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు ఆ పనంతా నేర్చుకున్నారు. లేనిదల్లా ఒక్కటే. లైసెన్సు. 1885 నాటి చట్టం ప్రకారం వాళ్ళు గాలి ముట్టుకుంటే నేరం. చదివినకొద్దీ నాకు వినపడేది ఒక్కటే మాట: ముట్టుకుంటే నేరం. ఈ మాట మనకు కొత్తా?

వాళ్ళు కూర్చుని ఏడవలేదు. కార్యక్రమాలు క్యాసెట్ల మీద రికార్డు చేశారు. పాటలు, విత్తనాల ముచ్చట్లు, జబ్బులు, ఆడవాళ్ళ తగాదాలు. ఆ క్యాసెట్లు సంఘాలకు పంపి, రాత్రి పూట సంఘం కూర్చున్నప్పుడు టేప్ రికార్డర్‌లో వినిపించారు. విన్నాక చర్చ. పదేళ్ళు! పదేళ్ళపాటు రేడియో స్టేషన్ ఉంది, రేడియో లేదు. ఆ పదేళ్ళలో గంటలకొద్దీ కార్యక్రమాలు పోగయ్యాయి. లైసెన్సు ఇస్తే వీళ్ళు ఏం మాట్లాడతారు, వీళ్ళకేం వచ్చు అని ఢిల్లీలో ఎవరైనా అడిగితే చూపించడానికి అటక మీద క్యాసెట్లున్నాయి. హక్కు వచ్చాక వాడుకోవడం మొదలుపెట్టలేదు వీళ్ళు. ముందు పని చేసి, ఈ పనికి మీ చట్టం అడ్డమొచ్చింది అని చూపించారు.

మన దగ్గరే ఇంకో సంగతి కూడా జరిగింది. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల ఆడవాళ్ళు 2002లో 'మన రేడియో' అని చిన్న ట్రాన్స్‌మిటర్‌తో మొదలుపెట్టారు. కొన్ని నెలలు నడిచిందో లేదో, లైసెన్సు లేదని అధికారులు ఆపించేశారు. బీహార్‌లో వైశాలి జిల్లా మన్సూర్‌పూర్‌లో రాఘవ్ మహతో అనే కుర్రాడు రేడియో రిపేరు షాపులో 50 రూపాయల సామానుతో ట్రాన్స్‌మిటర్ చేసి, చుట్టుపక్కల ఊళ్ళకు పాటలు, తప్పిపోయిన పిల్లల కబుర్లు వినిపించాడు. 2006లో దాన్నీ మూయించారు. నగరంలో వేలంపాట పాడినోడికి గాలి, ఊళ్ళో 50 రూపాయల పేదోడికి కేసు.

సంఘాల ఒత్తిడి పెరిగి సర్కారు కొంచెం కదిలింది. ఎట్లా కదిలిందో చూడండి. 2002 చివర్లో సముదాయ రేడియోకి అనుమతిస్తాం అన్నది, ఎవరికి? పేరున్న విద్యాసంస్థలకు. ఐ.ఐ.టి.లకు, ఐ.ఐ.ఎం.లకు. 2004 ఫిబ్రవరిలో చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం మొదటి స్టేషన్ పెట్టింది. అది మంచి స్టేషనే, దాని మీద నాకేం కోపం లేదు. కానీ 'సముదాయం' అనగానే సర్కారు కంటికి ఐ.ఐ.టి. కనపడడం, మాచ్‌నూర్ కనపడకపోవడం, ఇది కులం గురించి చెప్పే మాట కాదా?

మళ్ళీ ఉత్తరాలు, సమావేశాలు, వినతిపత్రాలు. 2006 నవంబరులో విధానం మారింది. స్వచ్ఛంద సంస్థలు కూడా దరఖాస్తు చేయొచ్చు. 100 వాట్ల శక్తి, గంటకు 5 నిమిషాలకు మించి ప్రకటనలు వద్దు, రాజకీయాలు వద్దు, వార్తలు అసలే వద్దు. హోం శాఖ, రక్షణ శాఖ అందరూ సరే అనాలి. ఆ మెట్లన్నీ ఎక్కి, 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళల దినం నాడు, మాచ్‌నూర్‌లో సంఘం రేడియో గాలిలోకి ఎక్కింది. 90.4 ఎఫ్.ఎం. దేశంలో ఊరి ఆడవాళ్ళు, దళిత ఆడవాళ్ళు నడిపే మొదటి సముదాయ రేడియో. ప్రారంభించడానికి వచ్చింది ఎవరో తెలుసా? జస్టిస్ పి.బి. సావంత్. 13 ఏళ్ళ కింద గాలి ప్రజలది అని రాసిన మనిషి. మహాడ్‌లో కాగితానికీ దోసిలికీ మధ్య మూడేళ్ళు, ఇక్కడ పదమూడు.

సాయంత్రం ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా ప్రసారం. చుట్టూ 25 కిలోమీటర్ల దాకా వినపడుతుంది. భాష జహీరాబాద్ భాష. ఎవరూ దిద్దని భాష.

తమ్ముడూ, ఇంటర్నెట్ గురించి అడిగితే రేడియో చెబుతున్నాడేంటి అనుకుంటున్నావేమో. వస్తున్నా. ముందు ఒక లెక్క చూడు. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు ఢిల్లీలో ఒక్క దళిత జర్నలిస్టు కోసం వెతికి, దొరకక, ఆ సంగతే వ్యాసంగా రాశాడు. 2006లో అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలో 37 మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిని లెక్కేశారు. దళితులు సున్నా, ఆదివాసీలు సున్నా. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి ఇంకో లెక్క తీశాయి. పెద్ద కుర్చీలు 121 ఉంటే 106 పైకులాలవి. ఎస్సీ, ఎస్టీలవి మళ్ళీ సున్నా. మీడియా స్వేచ్ఛ అని మనం కూడా నినాదం ఇస్తాం, ఇవ్వాలి. కానీ ఆ స్వేచ్ఛ ఎవరి చేతిలో ఉన్న మీడియాది అని కూడా అడగాలి. ఈ సున్నాల మధ్య మనవాళ్ళు సొంతంగా మాట్లాడే చోటు ఎక్కడ దొరికింది? ఇంటర్నెట్‌లో. రౌండ్ టేబుల్ ఇండియా, హైదరాబాదులో చదువుకుంటూ రవిచంద్రన్ మొదలుపెట్టిన దళిత్ కెమెరా, ఊరూరా పుట్టిన యూట్యూబ్ ఛానళ్ళు. ఎడిటర్ని బతిమాలే పని లేదు. కెమెరా ఫోన్ చాలు. అందుకే ఆ దారికి ఎవరైనా గేటు పెడతామంటే అది మన ఇంటి ముందు గేటు.

గేటు 2015లో వచ్చింది. అంతకుముందు 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ నెట్ ద్వారా చేసుకునే కాల్స్‌కి వేరే రేటు అన్నది, గోల లేచి వెనక్కి తగ్గింది. 2015 మార్చి 27న ట్రాయ్ ఒక చర్చాపత్రం వేసింది. 118 పేజీలు, 20 ప్రశ్నలు. సామాన్యుడు చదివితే తల తిరిగే భాష. అసలు సంగతి సులువు: నీ ఫోన్‌కి నెట్ ఇచ్చే కంపెనీ ఏ సైటుకి ఎంత రేటు, ఏది వేగంగా, ఏది నిదానంగా అన్నది తన ఇష్టప్రకారం నిర్ణయించొచ్చా? వద్దు, దారి అందరికీ ఒకేలా ఉండాలి అనడమే నెట్ న్యూట్రాలిటీ. అంతకంటే దాంట్లో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

నిఖిల్ పహ్వా, అపార్ గుప్తా, కిరణ్ జొన్నలగడ్డ లాంటి కొందరు జర్నలిస్టులు, లాయర్లు, ప్రోగ్రామర్లు కలిసి 'సేవ్ ది ఇంటర్నెట్' అని మొదలుపెట్టారు. జీతం లేదు, ఆఫీసు లేదు. ఆ 20 ప్రశ్నలకు జవాబులు రాసి పెట్టి, ఒక్క నొక్కుతో ట్రాయ్‌కి ఈమెయిల్ పోయేలా చేశారు. పది లక్షలకు పైగా ఈమెయిళ్ళు పోయాయి. ట్రాయ్ చరిత్రలో అంతకుముందు ఎప్పుడూ అట్లా జరగలేదు. వాళ్ళ మీద నాకున్న విమర్శ తర్వాత చెబుతాను, ముందు ఇది ఒప్పుకోవాలి: సర్కారు చర్చాపత్రం అనేదాన్ని జనం చదవొచ్చు, జవాబివ్వొచ్చు అని చూపించారు.

ఇప్పుడు మన ముచ్చట. ఫేస్‌బుక్ 2015 ఫిబ్రవరిలో రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి 'ఇంటర్నెట్.ఆర్గ్' అని తెచ్చింది. ఎక్కడ మొదలుపెట్టిందో తెలుసా? ఆరు రాష్ట్రాల్లో. అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. తెలుగులో కూడా ఇచ్చింది. డేటా డబ్బులు లేకుండా కొన్ని సైట్లు చూడొచ్చు. కొన్నే. ఫేస్‌బుక్ ఉంటుంది, యూట్యూబ్ ఉండదు, గూగుల్ ఉండదు. ఏ సైటు లోపలికి రావాలన్నా ఆ కంపెనీ షరతులకు ఒప్పుకుని దరఖాస్తు పెట్టుకోవాలి. 2015 సెప్టెంబరులో పేరు మార్చి 'ఫ్రీ బేసిక్స్' అన్నారు.

ఉచితంగా ఇస్తే నొప్పేంటి అని అప్పుడు మనవాళ్ళలోనే చాలామంది అన్నారు. నేను వాళ్ళకు ఒకటే చెప్పేవాణ్ణి. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి గుర్తుందా? టీ మనకూ పోస్తారు. అదే టీ. గ్లాసు మాత్రం వేరు, చూరులో చెక్కి ఉంటుంది. డబ్బున్నోడికి మొత్తం ఇంటర్నెట్, లేనోడికి ఎంచి పెట్టిన కొన్ని సైట్లు. ఇది ఇంటర్నెట్‌లో రెండు గ్లాసుల పద్ధతి. ఉచితం అన్నంత మాత్రాన చూరులో గ్లాసు టేబుల్ మీదకు రాదు.

ఇంకా మంట పుట్టించేది ఏంటంటే ఇదంతా పేదల పేరు మీద చేయడం. 2015 డిసెంబరు చివర్లో జుకర్‌బర్గ్ ఒక ఇంగ్లిషు దినపత్రికలో వ్యాసం రాశాడు. అందులో మహారాష్ట్రలో గణేష్ అనే రైతు ఫ్రీ బేసిక్స్ వల్ల ఎట్లా బాగుపడ్డాడో చెప్పాడు. ఊరూరా హోర్డింగులు, పేపర్లలో నిండు పేజీ ప్రకటనలు. ఫేస్‌బుక్ తెరిస్తే చాలు, ట్రాయ్‌కి మద్దతు ఉత్తరం పంపమని ముందే రాసిపెట్టిన మెసేజ్. ట్రాయ్ కూడా చివరికి విసుక్కుని, మేం ప్రశ్నలు అడిగితే మీరు సంతకాల సేకరణ చేస్తున్నారేంటని ఆ కంపెనీకి ఉత్తరం రాసింది.

ఎదురు తిరిగింది ఢిల్లీ, బెంగళూరు వాళ్ళొక్కరే కాదు. మన హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమ కార్యకర్తలు, ఇంజినీరింగ్ విద్యార్థులు రోడ్డు మీదకు వచ్చి ఫ్రీ బేసిక్స్ వద్దని నిలబడ్డారు. ఈ ముక్క జాతీయ చరిత్రల్లో కనపడదు, అందుకే చెబుతున్నా.

తేదీలు ఒకసారి గమనించండి. ట్రాయ్‌కి అభిప్రాయాలు పంపడానికి గడువు 2016 జనవరి 7. అప్పటికే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మన పిల్లలు ఐదుగురు హాస్టల్ నుంచి గెంటివేయబడి వెలివాడలో పడుకుంటున్నారు. జనవరి 17న రోహిత్ వెళ్ళిపోయాడు. ఫిబ్రవరి 8న ట్రాయ్ ఫ్రీ బేసిక్స్ లాంటివి చెల్లవని ఆదేశం ఇచ్చింది, ఉల్లంఘిస్తే రోజుకు 50,000 రూపాయల జరిమానా అన్నది. ఆ మధ్య మూడు వారాలు, రోహిత్ ఉత్తరం దేశమంతా ఎట్లా పాకింది? ఏ పెద్ద పత్రిక మొదటి పేజీ దయతలిస్తే పాకలేదు. ఫోన్ల నుంచి ఫోన్లకు పాకింది. తర్వాతే పేపర్లు వచ్చాయి. ఆ ఏడాది మార్చి 22న వీసీ తిరిగొచ్చి గొడవైనప్పుడు క్యాంపస్‌లో మెస్సు మూశారు, నీళ్ళు ఆపారు, ఇంటర్నెట్ కట్ చేశారు అని విద్యార్థులు చెప్పారు. అన్నం, నీళ్ళు, నెట్. ఒకే వరసలో. ఊరు వెలి వేసేటప్పుడు ఏవేవి ఆపుతారో కారంచేడు, చుండూరు చదివిన వాళ్ళకు తెలుసు. ఆ జాబితాలోకి నెట్ కూడా వచ్చి చేరింది.

ఇక విమర్శ. ఫ్రీ బేసిక్స్ గొడవలో పేదోడు రెండు పక్షాల నోళ్ళలోనూ ఉన్నాడు. కంపెనీ పేదోడికి మేలు అన్నది, ఉద్యమం పేదోడికి కీడు అన్నది. పేదోడు ఉదాహరణగా ఉన్నాడు, మైకు ముందు కనపడింది తక్కువ. పస్తాపూర్‌కీ దీనికీ తేడా అదే. అక్కడ ఎవరి హక్కు గురించి మాట్లాడారో వాళ్ళే స్టూడియోలో కూర్చున్నారు. నెట్ ఉద్యమం గెలిచాక 2016లోనే ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్‌గా మారింది. కోర్టుల్లో, కమిటీల ముందు మంచి పని చేస్తోంది. కానీ దారి అందరికీ ఒకటే అని గెలిచినంత మాత్రాన దారి దాకా రాలేనోడి సంగతి తేలదు గదా. ఫోన్ ఇంట్లో ఒక్కటే ఉంటే అది ఎవరి చేతిలో ఉంటుంది? ఆడపిల్ల చేతిలోనా? ఈ విషయంలో నాకు నచ్చిన పని ఒకటుంది. కర్ణాటక ఫ్రీ సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు బెంగళూరులో ఒక మురికివాడలో పాత కంప్యూటర్లు పోగుచేసి, పిల్లలకు నేర్పే కేంద్రం పెట్టారు. దానికి అంబేద్కర్ పేరే పెట్టుకున్నారు. చిన్న పని. కానీ దోసిలి దగ్గర మొదలైన పని.

కష్టమైన ముచ్చట చివరికి పెట్టుకున్నాను. కోనసీమ.

2018 ఏప్రిల్ 2న అట్రాసిటీ చట్టాన్ని నీరుగార్చినందుకు దళితులు భారత్ బంద్ చేస్తే పంజాబ్‌లో, మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలో చాలా చోట్ల మొబైల్ నెట్ ఆపేశారు. అప్పుడు మనమంతా ఒకే మాట మీద ఉన్నాం: ఇది మన గొంతు నొక్కడం. 2022 మే 24న అమలాపురం. జిల్లాకు బాబాసాహెబ్ పేరు పెడతామన్నందుకు గుంపులు లేచి, మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టాయి. సర్కారు నెట్ ఆపింది, రోజుల తరబడి ఆపింది. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు సిగ్నల్ కోసం జిల్లా హద్దులు దాటి పోయిన సంగతి పేపర్లలో వచ్చింది. అప్పుడు మనవాళ్ళలో కొందరు, ఆపడమే మంచిది, వాట్సాప్‌లోనే గదా గుంపులు కట్టారు అన్నారు. ఆ మాటలో భయం ఉంది, ఆ భయం న్యాయమైనది. పేటలో ఉన్నోడికి తెలుసు గుంపు వస్తే ఎట్లా ఉంటుందో.

అయినా నేను ఒప్పుకోను. ఇళ్ళు తగలబడింది నెట్ ఆపకముందు, పోలీసుల కళ్ళ ముందు. ఆపింది ఆ తర్వాత. అన్ని రోజులు చీకట్లో ఉన్నది ఎవరు? గుంపుకి బైకులున్నాయి, బంధుబలగం ఉంది, ఊరి రచ్చబండ ఉంది. పేటలో వాడికి ఉన్నది ఫోన్ ఒక్కటే. నన్ను బెదిరిస్తున్నారు అని వీడియో పంపడానికి, పక్క జిల్లా నాయకుడికి కబురు చెప్పడానికి. ఉపాధి పని హాజరు ఫోన్‌లో వేసే రోజులివి, రేషన్ వేలిముద్ర మిషన్ నెట్ మీద నడిచే రోజులివి. కూలోడి నోటి కాడి ముద్ద కూడా అదే తీగ మీద వేలాడుతోంది.

కశ్మీర్ టైమ్స్ సంపాదకురాలు అనురాధా భసీన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10న చెప్పింది: నెట్ నిరవధికంగా ఆపడానికి వీల్లేదు, ఆపిన ప్రతి ఉత్తర్వూ బయటపెట్టాలి, జనం దాన్ని కోర్టులో సవాలు చేసుకోవచ్చు. ఇది కూడా బోలే తీర్మానం లాంటిదే. కాగితం మీద ఉంది. 1885 చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికాం చట్టం వచ్చింది, ఆపే అధికారం మాత్రం అందులోనూ భద్రంగా ఉంది. కాబట్టి మీ జిల్లాలో ఎప్పుడైనా నెట్ ఆగితే చేయాల్సిన పని చెబుతాను. ఆగిన తేదీ, గంట రాసిపెట్టుకోండి. ఏ కంపెనీది ఆగింది, మొబైలా, ఇంటి కనెక్షనా రాసుకోండి. ఆ వారం ఉపాధి హాజరు పడిందా, రేషన్ అందిందా అడిగి రాసుకోండి. కలెక్టరాఫీసుకు పోయి ఉత్తర్వు కాపీ అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఢిల్లీలో ఎస్.ఎఫ్.ఎల్.సి. అనే సంస్థ దేశమంతా ఇట్లాంటి షట్‌డౌన్ల పట్టిక నడుపుతోంది, వాళ్ళకు పంపండి. మాచ్‌నూర్ ఆడవాళ్ళు పదేళ్ళు క్యాసెట్లు పోగేశారు. మన దగ్గర కనీసం కాగితాలుండాలి.

ఇంకొక్కటి. సంఘం రేడియోకి ఈ రోజుకీ సొంత వార్తలు చదివే హక్కు లేదు. ఆకాశవాణి వార్తలు తిరిగి వేసుకోవచ్చు, అంతే. విత్తనం గురించి మాట్లాడొచ్చు. ఆ విత్తనం కొట్టులో నిన్న జరిగిన గొడవ వార్తగా చెప్పకూడదు.

వచ్చే భాగం ఫేస్‌బుక్ పోస్టు పెట్టినందుకు 2013లో అరెస్టయిన రాంపూర్ దళిత రచయిత కన్వల్ భారతి దగ్గర మొదలుపెట్టి, 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసిన 2015 తీర్పు దాకా.

జై భీమ్.